బోర్గుండ్: ఒక కనుమదారి పల్లె నూఱేండ్ల స్వపరిపాలనము

నార్వే దేశపు పశ్చిమతీరమున సముద్రము పర్వతములను చీల్చుకొని 200 కిలోమీటర్లకు పైగా లోనాడునకు చొచ్చుకొనివచ్చి సోగ్నెఫ్యోర్డ్ అను పేర నొక యగాధ జలమార్గమైనది. దాని తూర్పుకొసల నొకదానియందు లేర్దాల్ అను లోయ కలదు. ఆ లోయ ముఖద్వారమున, నది సముద్రజలముతో కలియుచోట, లేర్దాల్‌సోయ్రి అను రేవుపల్లె యున్నది; అచ్చటినుండి యేటివెంట ఎగువకు నడచినకొలది కొండలు రెండువైపులనుండి దగ్గఱకు జరిగి, ఒక్కొక్కచోట నదికిని బండకును నడుమ బాటకైనను తావులేని యిఱుకుసందులై, ఆ సందులను దాటినపిమ్మట మరల కొంత వెడల్పైన పచ్చికనేల కన్నులకు దోచును. ఆ నేల పేరే బోర్గుండ్. 1864వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి 1964వ సంవత్సరము జనవరి 1వ తేదీ వఱకు, సరిగా నూఱేండ్లు, ఇది తన పన్నును తానే విధించుకొని, తన బడిని తానే నడుపుకొని, తన పేదలను తానే పోషించుకొన్న గ్రామపాలక మండలము. నార్వేవారు ఇట్టి మండలమును కొమ్యూన్ అందురు. పట్టణముగాని గ్రామీణ కొమ్యూనునకు హెర్రెడ్ అనియు పేరు కలదు.

కొన్నివందల జనము మాత్రమే నివసించిన యీ మాఱుమూల లోయ చరిత్రమును చెప్పబూనుటకు కారణ మొక్కటే. ప్రజలు తమ్ము తామే పాలించుకొనుట యనునది రాజధానిలోని సభాభవనములలో పుట్టి పల్లెలకు దిగివచ్చిన వరమని మనము తఱచుగా తలంతుము. బోర్గుండ్ వంటి తావులను చూచినచో, అది బాటను బాగుచేయుట, ముసలివానికి కూడు పెట్టుట, పిల్లలకు ఉపాధ్యాయుని కుదుర్చుట యను నిత్యకృత్యములయందు తరతరములుగా పెరిగిన యభ్యాసమని తెలియును.

బోర్గుండ్ చరిత్రమున కంతటికిని బాటయే మూలము. నార్వే తూర్పుభాగమును పశ్చిమభాగమును వేఱుచేయు పర్వతశ్రేణిని దాటుటకు గల కొలది మార్గములలో ఫిల్లెఫ్యెల్ కనుమ మిక్కిలి ప్రధానమైనది. క్రిస్టియానియా యని నాడు పేరుగన్న ఓస్లో నగరమునుండి బెర్గెన్ రేవునకు పోవువాడు వాల్‌ద్రెస్ సీమమీదుగా వేయిమీటర్లకు మించిన యెత్తునందున్న యా కనుమనెక్కి, మారిస్టోవా యను పర్వతసత్రమున తలదాచుకొని, బోర్గుండ్ లోనికి దిగి, లేర్దాల్‌సోయ్రి రేవున పడవనెక్కవలసినదే. 1647లో రాజశాసనముచే తపాలా యేర్పడినప్పుడు దారిప్రక్క పొలముగల రైతులే టపావాహకులైరి. ఒక రైతు లేఖలసంచిని మోసికొనిపోయి తరువాతి రైతుచేతికి అందించును, అతడు మఱియొకని కందించును. రాజోద్యోగులకును ప్రయాణికులకును గుఱ్ఱములను సమకూర్చి తరువాతి మజిలీవఱకు దిగబెట్టు బాధ్యతయు రైతులదే. దీనిని షూస్ అనిరి. పొలము పనులు ముమ్మరముగా సాగుచున్న వేసవిలోను, మంచు మోకాళ్లలోతున పడిన మాఘమాసములోను, పిలుపు వచ్చినంతనే గుఱ్ఱమును విప్పుకొని పోవలెను. అంతియేకాదు, బాటను ముక్కలుగా విభజించి ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క ముక్కను అప్పగించిరి. కొండచఱియ విఱిగిపడినను, వఱద కట్టను కోసివేసినను, ఆ ముక్కకు బాధ్యుడైన రైతే పాఱయు గునపమును పట్టి దానిని సరిచేయవలసియుండెను.

ఈ సీమకు మఱియొక విశేషము కలదు. పశ్చిమ నార్వే యనగానే ఎడతెఱపిలేని వానలు స్ఫురించును. కాని లేర్దాల్ లోయ కొండల చాటున నుండుటచే వర్షచ్ఛాయలో పడి, ఆ దేశమునకే యరుదైన శుష్కప్రదేశమైనది. అందుచే నిచ్చటి కర్షకులు పూర్వమునుండియు కొండవాగులనుండి దోనెలద్వారమునను కాలువలద్వారమునను నీటిని మళ్లించి పైరులకు పాఱించుకొనిరి. నీరు పంచుకొనువారికి వంతులుండును, వంతులున్నచోట తగవులుండును, తగవులున్నచోట తీర్పరులు, ఒడంబడికలు, నోటిలెక్కలు తప్పవు. చట్టము వారిని సభగా కూర్చుండజేయుటకు పూర్వమే ఆ రైతులు కూడి నిర్ణయించుకొను విద్యను కొంత యెఱిగియున్నారని నేను నమ్ముచున్నాను.

అయినను, కూడి నిర్ణయించుకొను హక్కు చట్టములో లేని కాలమున ఆ లోయ యెంత మూల్యము చెల్లించెనో చెప్పక ముందుకు సాగరాదు. నార్వే అప్పుడు డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. ఫిల్లెఫ్యెల్ బాటను కాపాడుట, ప్రయాణికులను చేరవేయుట యను భారమునకు ప్రతిఫలముగా లేర్దాల్ రైతులకు సైనికసేవనుండి చిరకాలముగా మినహాయింపు లభించుచుండెను. 18వ శతాబ్దాంతమున ప్రభుత్వము ఆ మినహాయింపును తొలగించి, బాటపని నట్లే యుంచి, వారి కుమారులను సైన్యములోనికి రమ్మని యాజ్ఞాపించెను. పాత యొడంబడికను ఏకపక్షముగా భంగపఱచినారని రైతులు తలంచిరి; వారి తలంపు అన్యాయమైనదని నేననజాలను. 1802లో వారు గుంపుగూడి అధికారుల నెదిరించిరి. ప్రభుత్వము సైన్యమును పంపి తిరుగుబాటు నణచెను. నాయకులలో నొకడైన ఆండర్స్ లిస్నె అను రైతునకు 1803లో శిరశ్ఛేదము జరిగెను. మఱికొందఱు చెఱసాలల పాలైరి. పైరుకు నీరు కట్టుకొని బాటకు రాళ్లు మోసిన చేతులు ఆయుధములను పట్టవలసివచ్చినది, తమ మాట వినుటకు అధికారముగల సభ యొక్కటియు ఆ లోయలో లేకపోవుటచేతనే.

1814 మే 17వ తేదీన ఎయిడ్స్‌వోల్ నందు నార్వే రాజ్యాంగము వెలసెను. పొలము గల రైతుకు పార్లమెంటు ఎన్నికలలో వోటుహక్కు లభించినను, మొదటి రెండు దశాబ్దములలో ఆ హక్కును వాడుకొనుటకు రైతులు జంకిరి. ఉద్యోగులనే యెన్నుకొని పంపుచుండిరి. యోన్ నేర్గార్డ్ అను రైతుప్రతినిధి 1830లో ‘ఊలా-పుస్తకము’ అని ప్రసిద్ధికెక్కిన చిన్నపొత్తమును ప్రచురించి, రైతులు రైతులనే యెన్నుకొనవలెనని బోధించెను. 1833లో పార్లమెంటులోనికి రైతులు మున్నెన్నడును లేనంత సంఖ్యలో వచ్చిరి. వారి పట్టుదలయే ప్రధానకారణముగా 1837 జనవరి 14వ తేదీన స్థానిక స్వపరిపాలన చట్టములు ఆమోదింపబడినవి, పట్టణములకొకటి, గ్రామసీమలకొకటి. 1802 నాటి రక్తపాతమునకును ఈ చట్టమునకును నడుమ గడచినది ముప్పదియైదేండ్లు మాత్రమే. లిస్నె తరమున పుట్టిన బిడ్డలు సభలో కూర్చుండి చేయియెత్తు వయస్సువా రైరి.

చట్టము కొత్తసరిహద్దులను గీయలేదు. అనేకస్థలములలో పాత చర్చి పరగణాలే కొమ్యూనులైనవి. ప్రతి కొమ్యూనునందును ఫోర్మన్‌స్కాప్ అను చిన్న కార్యనిర్వాహక మండలియు, దానికి మూడురెట్లు సంఖ్యగల ప్రతినిధులును ఎన్నుకోబడుదురు. వీరందఱు కలిసినప్పుడు పూర్ణసభ యగును. వారిలో నొకడు ఊర్‌ఫోరర్, అనగా సభకు ముందు మాటాడువాడు, అధ్యక్షుడు. అతనికి అధికారచిహ్నములు లేవు, జీతము లేదు. చాలచోట్ల కార్యాలయమును లేదు, అతని యింటి బల్లయే కచేరీ. ఖర్చులను నిర్ణయించుట, పన్ను వంతులు వేయుట, బడి, పేదలు, ఊరిబాటలు అను వానిని చూచుట సభ పని. పెద్ద వ్యయములకును దీర్ఘకాల ఋణములకును అమ్త్‌మన్ అను ప్రాంతాధికారి యనుమతి కావలసియుండెను. అయినను ఆ ప్రాంతసభలో కూర్చుండువారును గ్రామీణ కొమ్యూనుల యధ్యక్షులే గనుక, కొండపల్లె రైతు తన లోయ లెక్కలు చూచుటతో నాగక ఉత్తర బెర్గెన్‌హూస్ ప్రాంతమంతటి లెక్కలను పరిశీలింప నేర్చుకొనెను. ఆ ప్రాంతమునకే 1919 నుండి 2019 తుదివఱకు సోగ్న్ ఓగ్ ఫ్యూరానె యని పేరుండెను.

బోర్గుండ్ మొదట లేర్దాల్ కొమ్యూనులోని భాగమే. 1864లో వేఱుపడెను. రేవుపల్లెలో వర్తకులు, పడవవారు, సత్రములవారు; ఎగువలోయలో పశువులు, మేకలు, వేసవిలో పర్వతముల మీది పచ్చికపట్లు, చలికాలమున బాటమీద గుఱ్ఱపుబండ్లు. సభకు రావలెనన్నను, పన్ను చెల్లింపవలెనన్నను ఇఱుకుసందులను దాటి దిగువకు ప్రయాణము చేయవలెను. ఇట్టి రెండు జీవనవిధానముల నడుమ ఖర్చులను గూర్చిన భేదాభిప్రాయములు పుట్టుట సహజము. వేఱుపడిన నాటికి బోర్గుండ్ జనసంఖ్య వేయికి మించియుండదు. ఇంత చిన్న జనసముదాయము తన సభను తాను నిలుపుకొనగలదని ఆనాటి రాజ్యము అంగీకరించుటయే నన్ను మిక్కిలి యాకర్షించిన విషయము.

కొత్త కొమ్యూను పుట్టిన నాలుగేండ్లకే, 1868లో, బోర్గుండ్ నందు కొత్తచర్చి లేచెను. దాని ప్రక్కనే నిలిచియున్న పాతచర్చి కథను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన బోర్గుండ్ పేరు నేడు లోకమునకు తెలిసినది దానిచేతనే. 1180 ప్రాంతమున కొట్టిన మ్రాకులతో నిర్మితమైన యా కట్టడము, నిటారుగా నిలిపిన దారుస్తంభములమీద నిలిచి, అంచెలంచెలుగా లేచు కప్పులతో, కప్పుల కొసలయందు నోరు తెఱచిన సర్పశీర్షములతో, తారుపూతచే నల్లనై, దూరమునుండి చూచువానికి దేవాలయమో, ఓడయో, అరణ్యమృగమో యని భ్రాంతి గొల్పును. స్టావ్ చర్చి యని దీని జాతిపేరు. మధ్యయుగమున ఇట్టివి నార్వేలో వేయికి పైగా నుండెనని చెప్పుదురు. నేడు మిగిలినవి 28. వానిలో బోర్గుండ్ చర్చియంత యవికలముగా నిలిచినది మఱియొకటి లేదు.

వేయిలో ఇరువదియెనిమిదియే మిగులుటకు కొంతవఱకు మహామారియు అగ్నిప్రమాదములును కారణములైనను, మిగిలిన వానిపై చివరి దెబ్బ తీసినది సదుద్దేశముతో చేసిన చట్టమే. 1851 నాటి చర్చిచట్టము ప్రకారము చర్చిలో పరగణా జనములో పదింట మూడువంతులమందికి తావుండవలెను. చీకటిగా, ఇఱుకుగా నుండు పాత దారుగృహములకు ఆ యర్హత యెక్కడిది? పరగణాలు వానిని వరుసగా పడగొట్టి ఆ కలపను వేలము వేసినవి. కనుమకు ఆవలివైపున వాంగ్ అను పల్లెలోని చర్చిని ఆ చట్టమునకు పూర్వమే, 1841లో, అమ్మివేసిరి. యోహాన్ క్రిస్టియన్ దాల్ అను చిత్రకారుడు దానిని కాపాడ బూనుకొనగా, అది ప్రష్యా రాజు చేతికి వచ్చి, విప్పి మోయబడి, సిలీసియా కొండలలో తిరిగి నిలిచినది. ఆ దాల్ మొదలగువారి ప్రేరణచేతనే 1844లో ప్రాచీన కట్టడముల రక్షణసంఘము పుట్టినది.

బోర్గుండ్ సభ్యులముందు అదే ప్రశ్న నిలిచెను. కొత్తచర్చి కట్టక తప్పదు; పాతదానిని నిలుపుటకు వ్యయమెక్కువ, ఏలయన పైన్ కలపకు కాలానుగతముగా తారు పూయకున్న నది కుళ్లిపోవును. పాతకలపను అమ్మినచో కొత్తచర్చి వ్యయములో కొంత తీరును. వారు పడగొట్టలేదు, కొత్తదానిని ప్రక్కను కట్టిరి. 1877లో రక్షణసంఘము పాతచర్చిని కొనెను. నేటికిని దానిని కాపాడుచున్నది ఆ సంఘమే. సౌందర్యదృష్టి, పిత్రార్జితభక్తి, కొనువాడు సకాలమున దొరకుట, వీనిలో నేది యెంత పనిచేసినను, బడిగోడకు సున్నము వేయుటకే లెక్కలు చూచుకొనవలసిన యొక చిన్నమండలము చేతిలో ఆ నిధి తొమ్మిదేండ్లు భద్రముగా నిలిచినది. పెద్ద పరగణాలెన్నో ఆ పాటి చేయజాలకపోయినవి.

సభ నిత్యకృత్యములలో మిక్కిలి బరువైనది పేదల పోషణము. లెగ్డ్ అను పూర్వాచారము ప్రకారము, దిక్కులేని వృద్ధుడో, అనాథబాలికయో, మతిచలించినవాడో ఒక పొలమునుండి మఱియొక పొలమునకు నిర్ణీతదినముల చొప్పున పోయి, ఆయా యింట తిని పరుండవలెను. తిరస్కారము గల యింటను పరుండవలెను, ఆదరము గల యింటను పరుండవలెను; వంతు తీరినచో రెండింటినుండియు కదలిపోవలెను. మానవుని ఇంటింటికి వంతుగా పంపు నా యేర్పాటు నార్వే చరిత్రములో నన్ను బాధించు పుటలలో నొకటి. 1845, 1863 సంవత్సరముల చట్టములు పేదల పోషణకు ప్రత్యేకసంఘములను, పన్నులను క్రమపఱచినవి. 1900 నాటి చట్టముతో లెగ్డ్ పద్ధతికి తెఱపడినది. కొన్నివందలమంది గల సీమలో పన్ను వేయువాడు, చెల్లించువాడు, సాయము పొందువాడు ముగ్గురును ఒకే చర్చిలో కూర్చుండువారే. అందుచే దయ సులభమైనది, అవమానమును సులభమైనదే.

బడియు మొదట ఇట్లే తిరుగుడుబడి. ఉపాధ్యాయుడు పుస్తకములమూటతో పొలమునుండి పొలమునకు పోయి, ఒక్కొక్కచోట కొన్నివారములు చుట్టుప్రక్కల పిల్లలను కూర్చి, అక్షరములు, క్రైస్తవధర్మ ప్రశ్నోత్తరములు నేర్పును. 1860 నాటి గ్రామీణపాఠశాలా చట్టము, ముప్పదిమంది పిల్లలు దినదినము వచ్చిపోగల చోటులందు స్థిరమైన బడియుండవలెనని విధించెను. కొండలలో నొండొంటికి దూరముగా చెదరియున్న పొలముల నడుమ ముప్పదిమందిని కూర్చుటయే మొదటి కష్టము. 1892 తరువాత బడిసంఘములకు మఱియొక గంభీరమైన నిర్ణయము చేతికి వచ్చినది: పిల్లలకు నేర్పు భాష డేనిష్ ప్రభావముగల రాజధాని గ్రంథభాష కావలెనా, ఈవార్ ఓసెన్ పల్లెపలుకులనుండి కూర్చిన లాన్స్‌మోల్ కావలెనా యని. దానినే పిమ్మట నీనోర్స్క్ అనిరి. సోగ్నెఫ్యోర్డ్ చుట్టునున్న సోగ్న్ సీమ లోయలన్నియు కాలక్రమమున ఓసెన్ భాషవైపే నిలిచినవి. తల్లి పలికిన మాటనే పలకమీద వ్రాయనిచ్చుట గ్రామసభకు దక్కిన గొప్ప యధికారములలో నొకటి.

సభలో నందఱికిని చోటుండెనని మాత్రము చెప్పజాలము. పొలములంచున గుడిసె వేసికొని యజమానికి కూలిచేయు హూస్‌మన్ లకు చిరకాలము వోటు లేదు. స్థానిక ఎన్నికలలో పురుషులందఱికిని హక్కు 1901లో వచ్చినది. ఆ యేడే గ్రామసీమలలో సాలుకు 300 క్రోనర్లమీద పన్ను కట్టు స్త్రీలకు, లేక అట్టి భర్తలుగల స్త్రీలకు వోటు లభించెను. 1910 నాటికి స్థానిక ఎన్నికలలో స్త్రీలందఱును వోటర్లైరి; పార్లమెంటు ఎన్నికలలో ఆ హక్కు మఱి మూడేండ్లకు గాని రాలేదు. స్త్రీలకు తలుపు మొదట తెఱచుకొన్నది స్థానికసభలోనే.

ఇక బాట. బోర్గుండ్ దిగువన వింద్‌హెల్లా యను నిటారుకొండను దాటు మార్గము 1790లలో బండ్లు పోవునట్లు నిర్మింపబడినది. గుఱ్ఱము మోకాళ్లూని యెక్కవలసిన యా నిట్టూరుపు బాటను 1843 ప్రాంతమున మలుపులు మలుపులుగా తిరిగి కట్టిరి. సున్నము లేకయే రాయిమీద రాయి పేర్చిన యెత్తైన ఆనుగోడలు నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. 1872లో నదీసందు వెంట మూడవబాట వచ్చి, కొండనెక్కు పనిని తప్పించెను. సోగ్నెఫ్యోర్డ్ పై ఆవిరియోడలు, దరిని రెండు చక్రముల బండ్లు, సాల్మన్ చేపలకై వచ్చిన ఆంగ్లప్రభువులు, దారుచర్చిని చూడవచ్చిన యాత్రికులు, వీరందఱు ఆ దశాబ్దములలో మజిలీసత్రములను నింపిరి. అదే కాలమున సోగ్న్ యువజనము వేలకొలది ఓడలనెక్కి అమెరికాకు తరలిపోయెను. 1909లో బెర్గెన్ రైలుమార్గము దక్షిణమున తెఱచుకొనగానే తూర్పుపడమరల ప్రయాణికుడు ఫిల్లెఫ్యెల్ ను మఱచెను. బోర్గుండ్ తన గుఱ్ఱములతో, తన మేకలతో మిగిలెను.

1940లో జర్మనులు దేశము నాక్రమించి, స్థానికసభల యధికారములను రద్దుచేసి, అధ్యక్షులను పైనుండి నియమించిరి. 1945లో ఎన్నికలు మరల వచ్చినవి. మఱుసటి యేడే, 1946లో, నికొలాయ్ షేయ్ అధ్యక్షతన కొమ్యూనుల సరిహద్దులను పరిశీలించు సంఘము నేర్పఱచిరి. కొత్తరాజ్యము ప్రతిపల్లెకును దీర్ఘకాలపు బడిని, వైద్యుని, వృద్ధాప్యసాయమును వాగ్దానము చేసియుండెను. కొన్నివందల జనముగల మండలము వానిని భరింపజాలదని షేయ్ సంఘము వాదించెను. 740కి పైగా నున్న కొమ్యూనులు 1960ల తుదికి 450 వఱకు తగ్గెను. 1964 జనవరి 1వ తేదీన బోర్గుండ్ మరల లేర్దాల్ లో కలిసిపోయెను. మోటారుబండిలో అరగంటలో చేరగల రేవుపల్లె యుండగా ఎగువలోయకు వేఱొక సభ యేల యన్న ప్రశ్నకు అంకెలలో సమాధానము లేదు. వేఱుచేసినదియు బాటయే, కలిపినదియు బాటయే.

అంకెలకు అందని నష్టమును నేను కాదనజాలను. కొన్నివందల జనములో పదిపన్నెండుగురు సభ్యులున్నప్పుడు, ప్రతియింటివారికిని ఎప్పుడో యొకప్పుడు సభలో కూర్చుండిన తండ్రియో, మేనమామయో ఉండును. లెక్కలపుస్తకము చదువుట, ఎదుటివాని మాట విని తన మాట మార్చుకొనుట, ఓడినపిమ్మట అదే పొరుగువానితో గడ్డి కోయుట, ఇవి ఆ సీమలో ఇంటింటి విద్యలు. 1964 తరువాతను ఎగువలోయనుండి సభ్యులు లేర్దాల్ సభకు పోయిరి; కాని వారు కొందఱే. 1974లో బోర్గుండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడి, ఆ యేటినీటి విలువ యేమో దేశమునకు తెలిసినప్పుడు, దానినిగూర్చి తన పేర మాటాడుటకు బోర్గుండ్ సభ యనునది లేకపోయెను.

2000 నవంబరులో లేర్దాల్, ఔర్లాండ్ సీమల నడుమ 24.5 కిలోమీటర్ల సొరంగమార్గము తెఱచుకొనెను. ఓస్లో, బెర్గెన్ బాట మరల ఫిల్లెఫ్యెల్ మీదుగానే సాగుచున్నది. పాత రాజమార్గమును ఇటీవలి యేండ్లలో, నాటి పనితనముననుసరించి రాతికట్టడములను సరిజేసి, పాదచారులకు తెఱచిరి. వింద్‌హెల్లా మలుపుల బాట పట్టిన నడకరి దారిలోనే పాతచర్చి యున్నది. దాని గోడమీద రూను అను పురాతనలిపిలో, ఎన్నడో మధ్యయుగమున సెయింట్ ఊలావ్ పండుగ ముందటిసంజను ఈ దారిని పోయిన తోరిర్ అను బాటసారి తన పేరును, తన శ్రమను చెక్కిపోయెను. కొమ్యూనుకు ముందే వచ్చినవాడతడు. ఆ గీతలపై నేడును తారువాసన వేయుచునే యున్నది.